గోడ మీద అవ్వ ఫోటో

నాయనా,

బాగుండావా? అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? సిడ్నీలో చలి మొదలైంది, పొద్దున్నే లేయబుద్ధి కావట్లేదు. మొన్న ఆదివారం ఆఫీసు ఫ్రెండొకడు ఆర్చిబాల్డ్ ప్రైజు బొమ్మలు చూద్దాం రా అని లాక్కపోయినాడు. మనుషుల బొమ్మలకే ఇచ్చే ప్రైజు ఇది, 1921 నుంచి ఇస్తాండారు. గంటలో అయిపోతుందిలే అనుకున్యా, సాయంత్రం దాకా ఆడే ఉన్నాం.

వాడు ఫోన్లో రెండు పాత బొమ్మలు చూపిచ్చినాడు, అవే నిద్ర పట్టనీలేదు. 1956లో విలియం డార్గీ అనే తెల్లాయన ఆల్బర్ట్ నమట్జిరా బొమ్మ గీసి ప్రైజు కొట్టినాడు. ఆల్బర్ట్ ఇక్కడి ఆదివాసి, ఆయనే పేరుమోసిన పెయింటరు, ఎడారి కొండల్ని వాటర్ కలర్లో గీసేవాడు. ఆయన బొమ్మకి ప్రైజొచ్చింది, ఆయనకి పూర్తి పౌరసత్వం మాత్రం మరుసటేడు 1957లో ఇచ్చినారు, ఇదేం న్యాయమో నువ్వే చెప్పు. రెండోది ఆయన ముని మనవడు విన్సెంట్ గీసింది, తనూ ఫుట్‌బాల్ ప్లేయర్ ఆడమ్ గూడ్సూ చేతులు కలుపుకోని నిలబడినట్టు. ఆ గూడ్స్ కూడా ఆదివాసే, స్టేడియంలో జనం అతన్ని ఏళ్ల తరబడి గేలి చేసినారు. 2020లో ఈ బొమ్మకి ప్రైజొచ్చింది, ఆదివాసి పెయింటరుకి రావడం అదే మొదలు. దీంతో దేశమంతా మారిపోయిందని నేననను గానీ ముత్తాతని వేరేవాళ్లు గీస్తే ముని మనవడు తన మొగం తనే గీసుకున్యాడు, అది చిన్న సంగతేం కాదు.

అప్పుడు లేపాక్షి గుర్తొచ్చింది. చిన్నప్పుడు హిందూపురం మీదుగా తోలకపోయినావు కదా, మెడ నొప్పి పుట్టేదాకా గుడి పైకప్పు మీది బొమ్మలు చూసినాం, గుడి కట్టిచ్చిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ కుళ్లాయిలు పెట్టుకోని ఉంటారు. బొమ్మ గీసినోడి మొగం యాడుంది అంటే నువ్వు నవ్వి, దుడ్లు పెట్టినోళ్లనే గీస్తారు లేరా అన్యావు.

మన అనంతపురం ఇంట్లో గోడ మీద తాత ఉండాడు, చిన్నతాత ఉండాడు, ఆఖరికి కలెక్టరుతో నువ్వు దిగిన ఫోటో కూడా ఉంది. అవ్వదేది? ఆమెకున్న ఒకే ఫోటో ఆధార్ కార్డుది, అందులో ఎవరో తిట్టినట్టు చూస్తాంటుంది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతాదని గొడవ చేస్తాది, తెలుసు. నేనడిగినానని చెప్పు, ఒప్పుకుంటాది. స్టూడియోకి తోలకపోవద్దు, శెనక్కాయలు ఒలుస్తా కూచున్నప్పుడు అట్లనే తీయి. నోట్లో వక్కాకుంటే ఉండనీ, ఉమ్మేయమనొద్దు.