నెలనెలా చూసిపోవాల్సిన వారేరీ?

సంపాదకులకు,

ఫోస్టర్ కేర్, అంటే కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల్ని దత్తత లేకుండా మరో కుటుంబం కొంతకాలం పెంచే ఏర్పాటు మీద గత వారం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు.

పెళ్లికానివారూ పిల్లల్ని తెచ్చి పెంచుకోవచ్చు, రెండేళ్లయితే దత్తత అడగొచ్చు, నెలకు 4,000 రూపాయలు ప్రభుత్వమే ఇస్తుంది అంటూ పండగ ఆఫర్‌లా రాశారు. కేంద్రం ఇచ్చిన 2024 మార్గదర్శకాల్లో ఒంటరివారికి అవకాశం ఇచ్చిన మాట, అయిదేళ్ల గడువు రెండేళ్లకు తగ్గించిన మాట నిజమే. ఒంటరి మగవారికి ఆడపిల్లను అప్పగించరన్న సంగతి మాత్రం మీవాళ్లకు కనపడలేదు కాబోలు. అసలీ ఏర్పాటు ఎవరికోసం? కన్నవాళ్లు బతికే ఉండి, చూసుకునే స్థితిలో లేక, బాలల హోముల్లో పెరుగుతున్న పిల్లలూ ఇందులో ఉన్నారు. కన్నవాళ్లు కుదుటపడితే బిడ్డ తిరిగి వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. ఈలోగా వచ్చి చూసిపోయే వీలూ చట్టం కల్పించింది. ఇదేమీ చెప్పకపోతే, దత్తత క్యూలో విసిగినవాళ్లు అడ్డదారి దొరికిందనుకుని ఇటు వస్తారు. రేపు బిడ్డను తిరిగి పంపమంటే ఏడ్చేదెవరు?

2015 బాలల న్యాయ చట్టంలో 44వ సెక్షన్ ఒకటుంది. బిడ్డను పెట్టిన ఇంటిని బాలల సంక్షేమ కమిటీ ప్రతి నెలా తనిఖీ చేయాలి, సరిగా చూడడం లేదనిపిస్తే అక్కణ్నించి తీసేయాలి, వేరే ఇంటికి మార్చొచ్చు. కమిటీ అంటే చైర్‌పర్సన్, మరో నలుగురు. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన పిల్లలు, పనిలో దొరికిన పిల్లలు, పెళ్లి తప్పించిన పిల్లలు అందరూ వాళ్ల ముందుకే రావాలి. ఇంక ఇల్లిల్లూ తిరిగేదెప్పుడు?

మా అక్కావాళ్ల ఇంట్లో ఇలా వచ్చిన ఎనిమిదేళ్ల పాప ఉంది. తనిఖీ పేరుతో ఒకాయన వచ్చాడు. లోపలికి రమ్మంటే టైం లేదన్నాడు. పాపను గేటు దగ్గర నిలబెట్టి ఫొటో తీసి, లొకేషన్ పడిందో లేదో రెండుసార్లు చూసుకుని, రాని నెలలకు కూడా కలిపి అక్కచేత సంతకాలు పెట్టించుకున్నాడు. పాపను పక్కకు పిలిచి ‘బాగున్నావా తల్లీ’ అన్న పాపాన పోలేదు. ఆ పిల్లేమో తనను మళ్లీ హోముకి తీసుకుపోతారనుకుని స్కూలు బ్యాగు తలుపు వెనక దాచేసింది. దాని తమ్ముడు ఇంకా హోములోనే ఉన్నాడు. తోబుట్టువుల్ని వీలైనంతవరకు కలిపి ఉంచాలని అదే సెక్షన్లో ఉంది కదా అని అక్క అడిగితే, ‘వాడి ఫైలు వేరమ్మా’ అన్నాడట. అక్కాతమ్ముళ్లకు ఫైళ్లు వేరైతే రక్తసంబంధం పోతుందా?

డబ్బుల సంగతి సరేసరి. ఎప్పుడొస్తాయో అడిగితే బడ్జెట్ రాలేదంటారు. అక్కావాళ్లు డబ్బుకోసం తెచ్చుకోలేదు కాబట్టి సరిపోయింది. నాలుగు వేలమీద లెక్కేసుకుని ముందుకొచ్చిన ఇల్లయితే? స్కూల్లో చేర్చబోతే కన్నవాళ్ల ఆధార్ తెమ్మన్నారు. కమిటీ ఉత్తర్వు చూపిస్తే ‘ఇదేం కాగితం?’ అని గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక శాఖ ఇచ్చిన కాగితం ఇంకో శాఖకు తెలియదు. పింఛనైనా, రేషన్ కార్డయినా, పసిపిల్ల బతుకైనా మన ఆఫీసుల్లో ఒకటే వరస, పోర్టల్లో ఎక్కితే పనైపోయినట్టే. నవంబర్ 14 వస్తే మాత్రం ఏ పిల్ల నెత్తిమీదో చెయ్యేసి ఫొటో దిగడానికి అందరికీ తీరికే.

ఈసారి ఫోస్టర్ కేర్ గురించి రాసేముందు మీ విలేకరిని ఏదైనా జిల్లాలో తనిఖీ రిజిస్టరు అడిగి చూడమనండి. సంతకాలు నిండుగానే ఉంటాయి. సిరా రంగు, తేదీలు కూడా చూడమనండి.

– ఒక పాఠకురాలు