టెస్సా ఎవరు?

బోల్టన్, ఇంగ్లండ్,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

ఎలా ఉన్నావు? ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసీ చూసీ విసుగొచ్చింది. నువ్వు మాట్లాడి ఇరవై రెండు రోజులైంది. నేనేం లెక్కపెట్టడం లేదులే, డాడీయే క్యాలెండర్ మీద గీతలు పెడుతున్నారు.

ఇక్కడ అంతా మామూలే. బాయిలర్ మళ్ళీ మొరాయించింది. శాంతత్త మోకాలి ఆపరేషన్ బాగానే అయిందట, కానీ బుల్లిమావయ్య వంట తినలేక ఏడుస్తోంది. డాడీ గోంగూర విత్తనాలు కుండీలో వేసి రోజూ పలకరిస్తున్నారు. నాలుగాకులు వచ్చాయి, అందులో రెండు నత్త తినేసింది. నువ్వు రాత్రిళ్ళు రిహార్సల్ నుంచి బస్సులోనే వస్తున్నావా? ఆ నీలం కోటుకి గుండీ ఊడిందన్నావు, కుట్టుకున్నావా?

అన్నట్టు, మాలతి ఆంటీ లీడ్స్ వెళ్ళినప్పుడు ఏదో నాటకం పోస్టర్ చూసిందట. ముఖం అచ్చం నీదేనట, కింద పేరు మాత్రం టెస్సా హార్‌గ్రీవ్స్ అని ఉందట. ఆవిడకి చత్వారం, అద్దాలు పెట్టుకోదు, అందుకని నేను పట్టించుకోలేదు. ఊరికే చెబుతున్నా.

మొన్న డాడీ పాత సామాను సర్దుతుంటే నా ఇంటర్ ఫొటో దొరికింది. 1983. అది చూడగానే తాతయ్యతో 'గాంధీ' సినిమాకి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. నీకు చెప్పే ఉంటాను, అయినా మళ్ళీ విను. తెనాలి నుంచి పొద్దున బండికి విజయవాడ బయల్దేరాం. తాతయ్య ఖద్దరు పంచె, ఉత్తరీయం. అమ్మమ్మ స్టీలు డబ్బాలో పులిహోర పెట్టి, దాని మీద గుడ్డ కట్టింది. హాల్లో ఆడుతున్నది హిందీలో. హిందీ ప్రచార సభ పరీక్షలు పాసైన మనిషి కదా, ప్రతి డైలాగూ నాకు తెలుగులో చెప్పడం, వెనకవాళ్ళు "ష్" అనడం. సినిమా మొదలైన కాసేపటికే అంతిమయాత్ర వస్తుంది. ఆ జనాన్ని చూసి తాతయ్య ఉన్నట్టుండి లేచి నిలబడ్డారు. "పెద్దాయనా, కూర్చోండి" అని ఒకటే కేకలు. కూర్చోలేదు. నేను పంచె పట్టుకు లాగుతూ కూర్చున్నాను, సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటర్వెల్లో సోడా తాగుతుంటే పక్కనున్న ఒకాయన, "గాంధీ వేషానికి మనవాళ్ళెవరూ దొరకలేదా, తెల్లోణ్ణి పెట్టారు" అన్నాడు. తాతయ్య ఊరుకుంటారా? "తెల్లోడు కాదండీ. పేరు కృష్ణ పండిట్ భాంజీ. తండ్రి గుజరాతీ మూలాలున్న డాక్టరు, తల్లి ఇంగ్లీషావిడ. పేపర్లో వేశారు" అన్నారు. ఆయన వెంటనే, "మరి టైటిల్స్‌లో బెన్ కింగ్స్‌లీ అని వేశారేం?" అన్నాడు. తాతయ్య దగ్గర జవాబు లేదు. మిగతా సినిమా అంతా ఒక్క ముక్క కూడా తెలుగులో చెప్పలేదు. కస్తూర్బా పోయే సీనులో కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ రోహిణీ హట్టంగడి, తర్వాత మన 'సీతారామయ్యగారి మనవరాలు'లో నాగేశ్వర్రావు పక్కన వేసిందే, ఆవిడే. రాత్రి విజయవాడ ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చుంటే, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉన్నట్టుండి అడిగారు: "ఆ అబ్బాయిని వాళ్ళమ్మ ఏమని పిలుస్తుందంటావ్?"

నాకేం తెలుసు? పదిహేడేళ్ళు. ఆకలి. పులిహోర పెట్టమన్నాను.

తీరా చూస్తే ఆ అబ్బాయి పెరిగింది మనకి ఇరవై నిమిషాల దూరంలోనే, పెండిల్‌బరీలో. పెళ్ళై వచ్చిన కొత్తలో డాడీ చూపించారు. కింగ్స్‌లీ తన గురించి చెప్పిన కథ నీకు నాకంటే బాగా తెలుసుంటుంది. కృష్ణ భాంజీగా ఆడిషన్ ఇస్తే, బ్రహ్మాండంగా చేశావు గానీ నిన్ను ఎక్కడ పెట్టాలో తెలియడం లేదన్నారట. పేరు మార్చుకుని వెళితే ఎప్పుడొస్తావన్నారట. 1966లో 'కరోనేషన్ స్ట్రీట్' సీరియల్లో చిన్న వేషం, 1967లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ, 1970లో పీటర్ బ్రూక్ వేయించిన షేక్‌స్పియర్ నాటకంలో డెమిట్రియస్, 1975లో హామ్లెట్. పదిహేనేళ్ళు స్టేజీ మీద అరిగాక గాంధీ. పేరు మార్చుకున్నది ఇండియావాడని పక్కన పెట్టకూడదని, తీరా లోకానికి తెలిసింది గాంధీగానే! ఆ తర్వాత యూదుడయ్యాడు, ఇరాన్ కల్నల్ అయ్యాడు, లండన్ రౌడీ అయ్యాడు. 2013లో 'ఐరన్ మ్యాన్ 3'కి నువ్వే తీసుకెళ్ళావుగా, ప్రపంచాన్ని గడగడలాడించే మాండరిన్ తీరా తాగుబోతు నటుడని తేలితే నువ్వు పాప్‌కార్న్ మీద పోసుకునేంత నవ్వావు.

కాబట్టి పేరు మార్చుకోవడం తప్పని నేను అనడం లేదు. ఎవరు చెప్పారు నీకు అలా? మీ నటీనటుల యూనియన్ ఈక్విటీలో ఇద్దరికి ఒకే పేరు ఉండకూడదని రూలుండేదన్న సంగతి నాకూ తెలుసు. కానీ చూడు, కింగ్స్‌లీ అన్న పేరు గాల్లోంచి రాలేదు. జాంజిబార్‌లో లవంగాల వ్యాపారం చేసిన వాళ్ళ తాతని కింగ్ క్లోవ్ అనేవారట, దాన్నించి వచ్చింది. తాతని పేరులో దాచుకుని తిరుగుతున్నాడు మనిషి. నీ టెస్సాలో ఎవరున్నారే? నీకు శేషు అని పెట్టింది శేషమ్మమ్మ పేరు. హార్‌గ్రీవ్స్ ఎలాగూ ఉంది, డాడీకి ఇబ్బంది లేదు. తీసేసింది నా వైపుదే.

అయ్యో, లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను.

మెర్ల్ ఓబెరాన్ అని పాతకాలం నటి ఉండేది, 1935 సినిమాకి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. బొంబాయిలో పుట్టి, టాస్మేనియాలో పుట్టానని చెప్పుకుంది దాదాపు జీవితాంతం. తనని పెంచి పెద్దచేసినావిడ నల్లగా ఉంటుందని, ఆవిడని పనిమనిషి అని వచ్చినవాళ్ళకి పరిచయం చేసేదని అంటారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డాడీతో చెబితే, నువ్వు పిచ్చిదానివి అన్నారు. అవును, పిచ్చిదాన్నే. నువ్వు అలాంటిదానివి కావని తెలుసు. అయినా పట్టలేదు.

మా తెనాలి రామవిలాస సభ స్టేజీ మీద స్థానం నరసింహారావుగారు సత్యభామ వేసేవారని తాతయ్య చెప్పేవారు. మగవాడు ఆడవేషం వేస్తే ఊరి ఆడవాళ్ళు ఆయన నడక చూసి నేర్చుకునేవారట. ఏ వేషమైనా వెయ్యి. ఇండియా పిల్ల వేషమైతే మరీ గోధుమరంగు తక్కువైందని, ఇంగ్లీషు పిల్ల వేషమైతే ఎక్కువైందని పంపేశారన్నావే, ఆ రోజు ఫోన్లో నీ గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. వాళ్ళ ముఖం మీద పేరు మార్చి విసిరేయాలనిపిస్తుంది, నిజమే. ముందు నాకు చెబితే నేనూ రెండు పేర్లు ఆలోచించేదాన్ని కదా. శేష అనే చాలు, పలకడానికి వాళ్ళకేం రోగం?

ప్రీమియర్ ఎప్పుడో చెప్పు. ముందు వరసలో వద్దు, నన్ను చూస్తే నువ్వు డైలాగ్ మర్చిపోతావు. స్కూల్లో ఒకసారి అయిందిగా.

పార్సిల్ పంపాను. సున్నుండలు పదిహేను, నీ రూమ్మేటుకి రెండివ్వు. కారప్పొడి సీసా మూత టేపు వేశాను, నిలబెట్టి తియ్యి. కోటు గుండీకి నల్లదారం అందులోనే ఉంది. పైన శేషు హార్‌గ్రీవ్స్ అని రాశాను, నాకు తెలిసిన పేరు అదే. నువ్వు ఇంట్లో లేకపోతే పోస్టాఫీసులో పెడతారు. ఐడీ అడుగుతారు, పాతది పట్టుకెళ్ళు.

అమ్మ