అదే పేరు, వేరే చెయ్యి

శ్రీకాకుళం
ఆదివారం రాత్రి

చిట్టీ,

నువ్వు పంపిన లింకు తెరిచి చూశాను. హార్వెస్ట్ మూన్ కొత్తది వచ్చిందనీ, చిన్నప్పుడు ఆడిన ఆవులూ కోళ్లూ టర్నిప్పుల ఆటే కాబట్టి కళ్లు మూసుకుని కొనెయ్యచ్చనీ రాశావు. కళ్లు తెరిచే కొందాం. ఆ పేజీలో బొమ్మ పక్కన చిన్న అక్షరాల్లో రెండు లైన్లు ఉంటాయి, డెవలపర్ అని ఒకటి, పబ్లిషర్ అని ఒకటి. నువ్వు ఆడిన ఆటని తయారుచేసినవాళ్లు ఆ రెండు లైన్లలోనూ లేరు.

ఆ ఆట 1996లో జపాన్‌లో పుట్టింది. అక్కడ దాని పేరు బొకుజో మొనొగతారి, అంటే పశువుల క్షేత్రం కథ. తలపెట్టినవాడు యసుహిరో వాడా. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి అమెరికాలో అమ్మింది నాట్సుమే అనే కంపెనీ. హార్వెస్ట్ మూన్ అన్నది వాళ్లు పెట్టిన పేరు, ఆ ట్రేడ్‌మార్కు వాళ్లది. ఆట ఒకరిదీ పేరు మరొకరిదీ అన్నమాట. కలిసి నడిచినన్నాళ్లూ ఆడేవాళ్లకి ఆ సంగతి పట్టలేదు. 2014లో జపాన్‌లోని మార్వెలస్ కంపెనీ, ఇక మా సొంత అమెరికా శాఖ ఎక్స్‌సీడ్ ద్వారానే అమ్ముకుంటాం అంది. ఆట వాళ్లతో వెళ్లింది, పేరు వెళ్లలేదు. పెళ్లయిన ఆడపిల్లకి ఇంటిపేరు మారినట్టు, అసలు ఆట స్టోరీ ఆఫ్ సీజన్స్ అయింది. పాత ఇంటిపేరు చేతిలో ఉన్న నాట్సుమే అదే ఏడాది ‘ది లాస్ట్ వ్యాలీ’ అని కొత్త ఆట చేయించి దానిమీద హార్వెస్ట్ మూన్ బోర్డు కట్టింది. నువ్వు లింకు పంపినది ఆ వరసలోదే.

ఇందులో చట్టం తప్పేం లేదు, పేరు వాళ్లదే. పొందూరు ఖద్దరు అని బోర్డు పెట్టి మిల్లు బట్ట అమ్మితే మనం ఊరుకోం, ఎందుకంటే వాలుగ చేప దవడతో దువ్విన పత్తి, చరఖా మీద వడికిన నూలు ఎలా ఉంటాయో చేతితో పట్టుకుంటే తెలిసిపోతుంది. ఆటలో ఆ నూలు ఏదో పట్టుకోవడమే కష్టం.

పాత హార్వెస్ట్ మూన్ ఆటల్లో ఒకటైన బ్యాక్ టు నేచర్‌నే తీసుకో. పొద్దున్న ఆరింటికి లేస్తావు. ఒంట్లో సత్తువ ఇంత అని లెక్క ఉంటుంది, నీళ్లు పోసినా గొడ్డలి ఎత్తినా అది తరుగుతుంది. సాయంత్రం అయిదింటికి సరుకు కొనే జాక్ వచ్చి అమ్మకం పెట్టెలోది పట్టుకుపోతాడు, అయిదు దాటితే రేపే. విత్తనాలు ఊళ్లో కొట్లోనే దొరుకుతాయి, ఆ కొట్టుకి సెలవు రోజులు ఉంటాయి. ఇంటి లోపలికి వెళ్తే గడియారం ఆగుతుంది, బయట పరుగెడుతుంది. పనిముట్టుని వాడి వాడి పదును తేలాక ఖనిజం పట్టుకుని కమ్మరి సైబరా దగ్గరికి వెళ్లాలి, అతను పని ముగించేదాకా ఆ పనిముట్టు నీ దగ్గర ఉండదు. నెలకి ముప్పై రోజులు. ఆట అంటే ఈ గడియారమే చిట్టీ, ఆవు ముఖం కాదు. ఈరోజు కొట్టు మూస్తే రేపు నాటు పడదు అన్న చిన్న గాబరా పోతే, మిగిలేది పచ్చటి బొమ్మ.

లాస్ట్ వ్యాలీలో ఊరే లేదు. మంచు మూసేసిన లోయలో నువ్వు ఉంటావు, ఊళ్లోవాళ్లే నీ దగ్గరికి వచ్చిపోతారు. ఎక్కడికీ వెళ్లనక్కర్లేనప్పుడు వేళ తప్పుతుందన్న బెంగ ఎక్కడిది? బదులుగా నేలని దిమ్మలు దిమ్మలుగా తవ్వి పేర్చుకునే పని పెట్టారు. తర్వాత వచ్చిన వన్ వరల్డ్‌లో విత్తనాలు కొట్లో కొనడానికి బదులు బయట తిరుగుతూ హార్వెస్ట్ విస్ప్ అనే చిన్న జీవాల దగ్గర ఏరుకోవాలి. అది తప్పని అనను. కానీ డబ్బు లెక్కేసుకుని విత్తనం కొనే ఆట వేరు, అడవిలో ఏరుకునే ఆట వేరు.

నీకు కావలసింది నిజానికి ఎక్కడికీ పోలేదు. బ్యాక్ టు నేచర్‌లోని మినరల్ టౌనూ ఆ మనుషులూ 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ‘ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్’గా వచ్చారు. దాన్నే కొత్త బొమ్మలతో మళ్లీ కట్టి 2020లో ఇంగ్లీషులో అమ్మారు, ఆటలమ్మే స్టీమ్ కొట్లో ఉంది, పేరు మాత్రం స్టోరీ ఆఫ్ సీజన్స్. పాత పేరు కొట్టి వెతికితే నీ ఆట దొరకదు, దాని పేరు పెట్టుకున్నది దొరుకుతుంది. అమ్మేవాడికి కావలసిందీ అదే.

అసలు వంశం అయితే చాలు అని కూడా అనుకోకు. అదే స్టోరీ ఆఫ్ సీజన్స్‌లో ‘పయనీర్స్ ఆఫ్ ఆలివ్ టౌన్’ 2021లో వచ్చినప్పుడు తలుపు తీసిన ప్రతిసారీ లోడింగ్ అని జనం తిట్టుకున్నారు, ప్యాచ్‌ల మీద ప్యాచ్‌లు వేసి సరిచేశారు. ఇంకోపక్క పేరూ లేదు, వంశమూ లేదు, కానీ ఆ గడియారం తెలిసినవాడు ఎరిక్ బరోన్. నాలుగేళ్లకి పైగా ఒక్కడే కూర్చుని 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ తెచ్చాడు. నెలకి ముప్పైకి బదులు ఇరవై ఎనిమిది రోజులు పెట్టాడు, మిగతా బెంగంతా అలాగే ఉంచాడు. 2 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో కూడా ఆడుతుంది.

ఇక తమ్ముడి గొడవ. మోస్ట్ వాంటెడ్ ఇన్‌స్టాల్ చేసి పెట్టమని నిన్ను అడుగుతున్నాడు కదా, ఏది అని అడుగు. నీడ్ ఫర్ స్పీడ్ అనే కారు రేసుల వరసలో ఆ పేరుతో రెండు ఉన్నాయి. పబ్లిషర్ ఒకరే, చేసిన చేతులు వేరు. 2005లోది బ్లాక్ బాక్స్ స్టూడియో చేసింది. అందులో బ్లాక్‌లిస్ట్ అని పదిహేనుమంది రేసర్లు. పదిహేనోవాడితో మొదలు, ఒక్కొక్కణ్ణి పిలవడానికి మూడు షరతులు: ఇన్ని రేసులు గెలవాలి, ఇన్ని మైలురాళ్లు దాటాలి, పోలీసుల్ని పరుగెత్తించి ఇంత బౌంటీ, అంటే తలకి వెల, పోగెయ్యాలి. గెలిస్తే వాడి కారే దక్కే అవకాశం. మొదట్లో రేజర్ అనేవాడి పాలైన బీఎండబ్ల్యూ చివర్లో చేతికొస్తుంది, మధ్యలో ప్రతి మెట్టూ దానికోసమే. 2012లోది క్రైటీరియన్ చేసింది, బర్నౌట్ అనే వేరే రేసు ఆటలు చేసినవాళ్లు. ఊళ్లో అక్కడక్కడా ఆగి ఉన్న కార్లు ఉంటాయి, దగ్గరికెళ్లి మీట నొక్కితే అది నీదే, ఆట మొదట్లోనే. ప్రతి కారుకీ సొంతంగా కొన్ని రేసులు, వాటిలో గెలిస్తే ఆ కారుకే నైట్రో, టైర్లు. కథ లేదు, రేజర్ లేడు, రంగు మార్చాలంటే రిపేర్ షాపులోంచి దూసుకుపోవడమే. సమీక్షకులు మెచ్చుకున్నారు, నిజంగానే మంచి ఆట. కానీ అది మంచి బర్నౌట్. ఆకలితో కూర్చున్నవాడికి విస్తరి నిండా ముందే వడ్డించేస్తే ఎవరి కారు లాక్కోవాలని పరుగెడతాడు? ఇంకో చిక్కు, 2005లోది ఇప్పుడు డిజిటల్ కొట్లలో దొరకదు. పాత డిస్కులే గతి. ‘ఫ్రీ ఫుల్ వెర్షన్’ అన్న సైట్ల జోలికి మాత్రం పోనివ్వకు, ఆ సెటప్ ఫైల్లో ఏం దూరి వస్తుందో చెప్పలేం.

వైస్ సిటీ గురించి కూడా అడుగుతాడు, అదీ చెప్పేస్తాను. మెరుగులు దిద్దిన పాత ఆట ఎక్కడ దెబ్బ తింటుందో తెలుసుకోవడానికి 2021 నవంబరులో వచ్చిన జీటీఏ ట్రిలజీకి మించిన పాఠం లేదు. వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్‌లతో కలిపి మూడు పాత జీటీఏ ఆటల్నీ అన్‌రియల్ అనే కొత్త ఇంజిన్‌లోకి మార్చారు. మార్చింది వాటి ఫోన్ వెర్షన్లు చేసిన స్టూడియో. పాత ప్లేస్టేషన్ 2లో మెమరీ 32 ఎంబీ. దూరం అంతా ఒకేసారి గీయలేక శాన్ ఆండ్రియాస్‌లో పొగమంచు కప్పారు. లోటు కోసం వేసిన ఆ మంచే ఊరికీ ఊరికీ మధ్య చాలా దూరం ఉన్నట్టు భ్రమ కలిగించింది. కొత్తదాంట్లో మంచు తీసేసరికి కొండ ఎక్కితే రాష్ట్రమంతా అరచేతిలో కనిపించింది. బోర్డుల మీది బొమ్మల్ని చాలావరకు యంత్రానికి అప్పగించి పెంచారు, కొన్నిచోట్ల అక్షరాలు తప్పులయ్యాయి. డోనట్ కొట్టు మీద ఆరు పలకల నట్టు ఉండేది, ‘టఫ్ నట్’ అన్న పేరు మీద పరాచికం అది. మూలలు నున్నగా చేసేసరికి నట్టు పోయి రింగు మిగిలింది, పరాచికమూ పోయింది. అమ్మిన రాక్‌స్టార్ కంపెనీ క్షమాపణ చెప్పింది. పాత మంచుకి దగ్గరగా ఉండే క్లాసిక్ లైటింగ్ 2024 నవంబరు అప్‌డేట్‌లో గానీ రాలేదు. కొనదలిస్తే ఆ అప్‌డేట్ పడ్డాక తీసిన వీడియోలే చూడండి, 2021 నాటివి చూస్తే తిట్లే, ట్రైలర్ చూస్తే పొగడ్తలే.

కొత్తది రాగానే పాతదాన్ని కొట్టులోంచి తీసేయడం ఈ కంపెనీల అలవాటు. ఆ మూడింటి విషయంలోనూ అదే చేశారు, గోల అయ్యాక తమ సొంత స్టోర్‌లో తిరిగి పెట్టారు. 2020 జనవరిలో పాత వార్‌క్రాఫ్ట్ 3 ఆటకే మెరుగులు దిద్ది రీఫోర్జ్‌డ్ అని వదిలినప్పుడు ఇంకా ఘోరం. కొత్తది కొననివాళ్ల పాత ఆట కూడా కొత్త క్లయింటులోకి మారిపోయింది. కాబట్టి నీ దగ్గర పాత ఇన్‌స్టాలర్ ఏదున్నా, గాగ్ అనే ఆటలమ్మే సైటులో కొన్నదైతే మరీను, ఆఫ్‌లైన్ ఫైల్ దించి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, హార్డ్‌డిస్కులో ఒకటి ఉంచు.

ఫోన్ ఆటల సంగతి ఒక్క ముక్క. 1997 నాటి డంజన్ కీపర్ పేరుతో 2014లో ఫోన్‌కి ఒకటి వదిలారు. ఒక రాయి తవ్వడానికి నాలుగు గంటలు, గట్టి రాయి అయితే ఇరవై నాలుగు గంటలు ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. రేటింగ్ అడిగేచోట అయిదు నక్షత్రాల మీట నొక్కితేనే ప్లే స్టోర్‌కి వెళ్లేది, తక్కువ నొక్కితే వాళ్లకి ఈమెయిల్ రాసుకునే పేజీకి పోయేది. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ దాన్ని ‘ఉచితం’ అని ప్రచారం చేయడం తప్పుదోవ పట్టించడమేనని తేల్చింది. ఆ గుంటడి ఫోన్‌లో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టు, యూపీఐ ఆటోపే ఏదైనా ఉందేమో చూడు.

ఇప్పుడు నీ పని. శనివారం, ముందుగా, ఏ ఆట ఎవరు చేశారో రాసిపెట్టే మోబీగేమ్స్ సైటులో పాత ఆట, కొత్త ఆట రెండింటి క్రెడిట్స్ పక్కపక్కన తెరువు. డైరెక్టర్, ప్లానర్, ప్రోగ్రామర్ వరసలు చాలు, సంగీతం ఒక్కటే కలిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకు, సంగీతం కొని తెచ్చుకోవచ్చు. తర్వాత ఎవరూ మాట్లాడని, కోతలు లేని ఆట వీడియో ఒక ఇరవై నిమిషాలు, మొదటి రోజుది కాదు, ఆటలో రెండో నెలది చూడు. మొదటి గంటని అందరూ ముస్తాబు చేస్తారు. పాత ఆటలో నీ చెయ్యి చేసిన పనులు అయిదు కాగితం మీద రాసి పెట్టుకుని, వీడియోలో ఎన్ని కనిపించాయో టిక్కు పెట్టు. స్టీమ్ సమీక్షల్లో ‘మిక్స్‌డ్’ అంటే నూటికి 40 నుంచి 69 మంది బాగుందన్నారని. ఆ ఒక్క మాట చూసి వదలకుండా, ఆడిన గంటల వడపోత పెట్టి ఇరవై గంటలు దాటినవాళ్లవి చదువు, వాళ్లు తిట్టేది వేరుగా ఉంటుంది.

ప్రీఆర్డర్ వద్దు, అయిదు వందలకి ఒక టోపీ బొమ్మ ఇచ్చే డీలక్స్ అసలే వద్దు. కొన్నాక పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల లోపు ఆడితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. మెనూ తెరిచి అన్నానికి వెళ్లినా ఆ గంటలు కట్టేస్తుంది, జాగ్రత్త. విడుదలకి ముందే ఆడనిచ్చే అడ్వాన్స్‌డ్ యాక్సెస్ గంటలూ ఇప్పుడు లెక్కే. గంటన్నరకి ఫోన్‌లో అలారం పెట్టుకో. ప్లేస్టేషన్‌లో అయితే డౌన్‌లోడ్ మొదలుపెడితేనే ఆ అవకాశం పోయినట్టు.

డబ్బులు ఫోన్‌పేలో వేశాను, ఆలివ్ టౌన్‌కి సరిపోవచ్చు, మినరల్ టౌన్‌కి మిగులుతాయి. హాస్టల్ వైఫై పగలు నత్తలా ఉంటుందన్నావు కదా, రాత్రి పన్నెండు దాటాక దించుకో, రిఫండ్‌కి లెక్కేసే ఆ రెండు గంటల గడియారం దించుతున్నప్పుడు నడవదు, ఆట తెరిచాకే.

మీ నాన్న విజయనగరం వచ్చినప్పుడు జంతికల డబ్బా పంపిస్తాను. పాత డబ్బా ఖాళీదైనా సరే తిరిగి పంపు, మూతతో సహా.

అమ్మ