బగ్ రిపోర్ట్ రాసే ముందు ఒక్క మాట

అందరికీ నమస్కారం. ఈ మధ్య మనలో చాలామంది ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ప్రాజెక్టుల్లో ఇష్యూలు (లోపమో, కావాల్సిన ఫీచరో చెప్పే పోస్టులు) తెరుస్తున్నారు, నిజంగా సంతోషం. ఒక్క విన్నపం. "యాప్ పనిచేయట్లేదు" అని వదిలేస్తే అవతలివాళ్లు ఏమీ చేయలేరు. "వెర్షన్ 2.3, ఉబుంటు 22.04. ఫైల్ పేరులో తెలుగు అక్షరాలుంటే సేవ్ నొక్కగానే మూసుకుపోతోంది, ఇంగ్లిష్ పేరైతే బాగానే ఉంది" అని రాయండి. వాళ్లు తమ మెషీన్‌లో అదే చేసి చూసుకుంటారు, సగం పని అక్కడే అయిపోతుంది. ఎర్రర్‌ని స్క్రీన్‌షాట్‌గా కాకుండా టెక్స్ట్‌గా పెట్టండి, రేపు ఇంకొకరు వెతికితే దొరకాలి కదా. లాగ్‌లో (ప్రోగ్రామ్ తాను చేసింది రాసుకునే రికార్డులో) పాస్‌వర్డ్‌లు, టోకెన్లు (పాస్‌వర్డ్‌లాంటి రహస్య కోడ్‌లు) ఉంటే తీసేయండి.

కొత్తది తెరిచే ముందు, క్లోజ్ అయిన ఇష్యూల్లో కూడా వెతకండి. అప్పటికే ఉంటే "నాకూ ఇంతే" అని కామెంట్ వద్దు, ఫాలో అవుతున్నవాళ్లందరికీ మెయిల్ వెళ్తుంది. కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో 2016 నుంచి బొటనవేలి రియాక్షన్ ఉంది, అది చాలు.

కొత్త ఫీచర్ అడిగేటప్పుడు బటన్ ఎక్కడ పెట్టాలో కాదు, మీకు ఏ పని ఆగిపోతోందో చెప్పండి.

భద్రతా లోపమైతే మాత్రం దయచేసి బహిరంగంగా రాయొద్దు. రిపోలో (ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) సెక్యూరిటీ ఫైల్ ఉంటే, అందులో చెప్పిన చోటికే పంపండి.

మొదటిసారి రాసేవాళ్లు డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.