బేబ్లేడ్ మీద గీత పడితే ఎవరి తప్పు?

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ పరీక్షల మార్కుల కార్డులు ఈ శనివారం పిల్లల చేతికి ఇస్తున్నాం. సంతకం పెట్టి సోమవారం పంపించండి. ఇతర విషయాలు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఈ నెల ఉత్తరమంతా ఒకే సంగతి గురించి రాస్తున్నాను. మీలో చాలామంది ఇళ్ళల్లో సాయంత్రాలు దానితోనే గడుస్తున్నాయని నాకు తెలుసు: బేబ్లేడ్, అంటే ఒకదాన్నొకటి గుద్దుకునే బొంగరం బొమ్మ.

పోయిన వారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఐదో తరగతి పిల్లవాడు ఏడుస్తూ నా గదికి వచ్చాడు. గుప్పిట్లో బేబ్లేడ్ ఉంది. "మేడం, వాడు నాది పాడు చేసేశాడు" అన్నాడు. ఇంకో మాట రాలేదు. వాడి వెనకాలే రెండోవాడు వచ్చాడు. వాడి కళ్ళల్లోనూ నీళ్ళు తిరుగుతున్నాయి. "నేను ఆడానంతే మేడం, కావాలని చెయ్యలేదు" అంటున్నాడు. మర్నాడు పొద్దున ప్రార్థన కాకముందే ఇద్దరి నాన్నలూ వచ్చారు. ఒకాయన కొత్తది కొనిమ్మన్నారు. ఇంకొకాయన ఆటన్నాక దెబ్బలు తగలవా అన్నారు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఆ రోజు వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోవడం నన్ను చాలా బాధపెట్టింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాను. పైన లోహపు చక్రం, దాని అంచున మూడు రెక్కల్లాంటి మొనలు. ఒక మొన దగ్గర నువ్వుగింజంత మేర నీలం రంగు లేచిపోయి కింద లోహం తెల్లగా మెరుస్తోంది. దాని పక్కనే ఆవగింజలో సగం కూడా లేని చిన్న సొట్ట. పిల్లవాడు ఏడ్చింది దీనికే. తిరగేసి కింద మొనను చూశాను. అసలు నష్టం అక్కడుంది. బల్లపరుపుగా ఉండాల్సిన మొన అంచులు గుండ్రంగా అరిగిపోయాయి, గరుకుదేరి బూడిదరంగుకు తిరిగాయి. దాని చుట్టూ ఉండే సన్నటి పళ్ళ సందుల్లో సిమెంటు దుమ్ము ఇరుక్కుని ఉంది. "ఇంటి దగ్గర ఎక్కడ ఆడతావు నాన్నా?" అని అడిగాను. "మేడ మీద" అన్నాడు.

ఈ బొమ్మలు ఎలా పనిచేస్తాయో తెలియని అమ్మానాన్నల కోసం కొంచెం చెబుతాను. బేబ్లేడ్‌ను జపాన్‌లో టకారా అనే కంపెనీ 1999లో తెచ్చింది. ఆ కంపెనీ తర్వాత టోమీతో కలిసి టకారా టోమీ అయింది. ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా అడుగుతున్నది బేబ్లేడ్ ఎక్స్, అది జపాన్‌లో 2023 జూలైలో వచ్చింది. ఇందులో మూడు భాగాలుంటాయి. పైన బ్లేడు, మధ్యలో రాచెట్, కింద బిట్. బిట్ అంటే మన బొంగరానికి మేకు ఎలాగో అలాగ. రాచెట్ మీద 3-60, 4-80 లాంటి అంకెలుంటాయి. మొదటిది దాని పక్కలెన్నో చెబుతుంది, రెండోది ఎత్తు. 60 అంటే 6 మిల్లీమీటర్లు. స్టేడియం అనే గుంటపళ్ళెంలో ఒక పక్కగా పళ్ళున్న పట్టా ఉంటుంది. బిట్ చుట్టూ ఉన్న పళ్ళు ఆ పట్టాలో పడగానే బొమ్మ ఒక్కసారిగా దూసుకుపోయి ఎదుటిదాన్ని గుద్దుతుంది. పిల్లలు కేకలు పెట్టేది ఆ క్షణంలోనే.

ఎదుటిది ముందు ఆగిపోతే ఒక పాయింటు. పక్క గుంటలోకి తోసేసినా, భాగాలు విడిపోయేలా కొట్టినా రెండు. ఎదుటిదాన్ని ఆ పక్క గుంటల మధ్యనున్న పెద్ద గుంటలో పడేస్తే మూడు. ముందు నాలుగు తెచ్చుకున్నవాళ్ళది గెలుపు. గుద్దుకోవడమే ఈ ఆట. గుద్దుకున్న రెండు లోహపు అంచుల మీద మచ్చ పడకుండా ఉండమంటే అది జరిగే పని కాదు.

మనకిది కొత్తేమీ కాదు. నా చిన్నప్పుడు మా అన్నయ్యతో, వీధి పిల్లలతో నేనూ బొంగరం తిప్పాను. నేల మీద గిరి గీసేవాళ్ళం. ఓడినవాడి బొంగరం మధ్యలో పెట్టాలి, మిగిలినవాళ్ళు తమ బొంగరాల మేకు దాని మీద దిగేలా కొట్టాలి. ఒక్కో దెబ్బకు ఒక్కో గాటు. వడ్రంగి తాత చేసిచ్చిన నా ఎర్ర బొంగరం ఒక వేసవిలో అలా గాట్లు పడీ పడీ, చివరికి ఒక దెబ్బకు నిలువునా రెండు చెక్కలైంది. ఆ రాత్రి అన్నం తినలేదు. అయినా మా నాన్న ఎవరింటికీ వెళ్ళలేదు, ఎవరినీ అడగలేదు. రెండు చెక్కలనూ చేతిలోకి తీసుకుని, లోపల కర్ర ఎక్కడ బీటలిచ్చిందో, ఆ బీట ఎంత పాతదో నాకు చూపించారు. లోపలి అంచు నల్లబడి ఉంది. ఆ బీట ఎన్నాళ్ళ నుంచో ఉందన్నమాట. చివరి దెబ్బ కొట్టిన పిల్ల మీద నా కోపం అక్కడే కరిగిపోయింది.

బేబ్లేడ్‌కు పూర్వీకుడు కూడా ఇలాంటి బొంగరమే. జపాన్‌లో దాన్ని బేగోమా అంటారు. మొదట్లో సముద్రపు గవ్వలో ఇసుక నింపి మైనంతో మూసేసి తిప్పేవాళ్ళట. తర్వాత పోతపోసిన ఇనుముతో చేశారు. పీపా మీద గుడ్డ బిగించి, దాని మీద వదిలేవాళ్ళు. గెలిచినవాడు ఓడినవాడి బొంగరాన్ని సొంతం చేసుకునేవాడు. ఆ పిల్లలు తమ బొంగరాలను గచ్చు మీద రుద్ది, అంచులు పదును పెట్టుకుని, ఎత్తు తగ్గించుకునేవాళ్ళు. అక్కడ అరగదీయడం కూడా ఆటలో భాగమే. బేబ్లేడ్ పోటీల్లో మాత్రం అది కుదరదు. ఆకురాయి పెట్టినా, ఉప్పుకాగితంతో రుద్దినా, బరువు అతికించినా ఆ భాగాన్ని పోటీకి రానివ్వరు. మన స్కూల్లో కూడా అదే నియమం పెడుతున్నాను.

ఇక ఆ పిల్లవాడి బొమ్మ సంగతి. వాడు గట్టిగా నమ్మింది ఏమిటంటే, సొట్ట పడింది కాబట్టే తను ఓడిపోతున్నాడని. కాదని నోటితో చెబితే వినే వయసు కాదు. అందుకని మా సైన్స్ టీచర్ గారు ఆ ఇద్దరినీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి, స్టాప్‌వాచ్ చేతికిచ్చి, సొట్టపడిన బ్లేడుతో పదిసార్లు, అలాంటిదే కొత్త బ్లేడుతో పదిసార్లు తిప్పించారు. బిట్ మాత్రం ఒకటే. రెండింటికీ తేడా ఏమీ పట్టుకోలేకపోయారు. తర్వాత బ్లేడు అదే ఉంచి, అరిగిన బిట్ తీసేసి కొత్తది పెట్టారు. ఈసారి బొమ్మ పట్టా మీద సర్రున పరుగెత్తింది. పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పిల్లవాడు మెల్లగా, "అయితే మా మేడే పాడు చేసిందా మేడం?" అన్నాడు.

అవును, చాలావరకు గచ్చే. ఇది మీరందరూ గమనించాలని నా కోరిక. ఎదుటివాడి దెబ్బ బ్లేడు మీద పడుతుంది. బ్లేడు లోహం, రంగు రేగినంత మాత్రాన దాని బరువులో తేడా లెక్కలోకి రాదు. బిట్ ప్లాస్టిక్కు. స్టేడియం నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ అది నెమ్మదిగా అరుగుతుంది. సిమెంటు మేడ మీద, మన స్కూలు వరండాలో, రోడ్డు మీద తిప్పితే ఉప్పుకాగితం మీద రుద్దినట్టే. బల్లపరుపు మొన అంచులు గుండ్రబడితే పరుగు తగ్గుతుంది. సూదిమొన మొద్దుబారితే నేలను తాకే చోటు పెరిగి, రాపిడి ఎక్కువై తొందరగా ఆగిపోతుంది. పళ్ళు అరిగితే పట్టాను పట్టుకోలేదు. అంచేత బిట్ అరిగిందని ఎదుటి పిల్లవాడిని తప్పుపట్టడం అన్యాయం. ఇంట్లో స్టేడియం లేకపోతే పెద్ద ప్లాస్టిక్ బేసిన్ చాలు. తిరిగే నున్నటి చోటు ఉంటే అదే పదివేలు.

అయితే అన్ని దెబ్బలూ ఒకటి కావు. కొన్నింటిని చూసీచూడనట్టు వదిలేయకూడదు. సొట్ట పడిన చోట ఒక్కోసారి లోహం పైకి లేచి సన్నటి ముల్లులా నిలబడుతుంది. కంటికి ఆనదు, వేలికి తగులుతుంది. చూడటానికి తేలిక ఉపాయం ఒకటుంది. చిటికెడు దూది తీసుకుని అంచు చుట్టూ మెల్లగా లాగండి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే ఆ బ్లేడును ఇక పిల్లల చేతికి ఇవ్వకండి. అరగదీసి వాడదామనుకోవద్దు, పక్కన పెట్టేయండి. రెండోది ప్లాస్టిక్ భాగాల మీద వెంట్రుకంత తెల్లగీత. రంగు పోతే వచ్చే గీత వేరు, ఇది వేరు. గోటితో గీస్తే పోదు, కాస్త వంచితే ఇంకా తెల్లబడుతుంది. అంటే లోపల పగులు మొదలైంది. ఆ రాచెట్ తిరుగుతూ తిరుగుతూ విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం, వంగి చూస్తున్న పిల్లల కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. ఈ మాట రాస్తుంటేనే నాకు టెన్షన్‌గా ఉంది. దయచేసి జిగురు పెట్టి అతికించి పంపకండి. బొమ్మను తిప్పడానికి లాగే పళ్ళపట్టీ (రిప్‌కార్డ్) పళ్ళు రెండు మూడు ఊడిపోయినా, తిప్పి వదిలే లాంచర్ తాడు పీచుపీచుగా లేచినా అదే మాట.

ఇంకో చిన్న విషయం. కొంతమంది పిల్లలు బిట్‌కు కొబ్బరినూనె రాస్తున్నారు. రాసినప్పుడు బాగానే జారుతుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుని పళ్ళ సందుల్లో గట్టిపడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో దులిపితే సరిపోతుంది.

కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక అమ్మవారి జాతరలో కొన్న బేబ్లేడ్‌లు కొన్ని మా దగ్గరికి వచ్చాయి. ధర తక్కువ, పిల్లలకు సంతోషం ఎక్కువ. ఖరీదైనవి కొనివ్వలేని అమ్మానాన్నలను నేను ఒక్క మాట కూడా అనను. జాగ్రత్త మాత్రం చెప్పాలి. 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అనే నియమం మన దేశంలో 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ గుర్తు ఉందో లేదో చూసి కొనండి. గుర్తు లేని బొమ్మ రంగు పొరలు పొరలుగా లేస్తుంటే, దాంట్లో ఏ రంగు కలిపారో మనకు తెలియదు. ఆ చేత్తోనే పిల్లలు అన్నం తింటారు. అలాంటిది ఇంట్లో ఉంటే చిన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నోట్లో పెట్టుకోకుండా తీసేయండి.

బేబ్లేడే కావాలని లేదు. ఏటికొప్పాక మనకు ఎంత దూరం? అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను గిర్రున తిప్పే లేత్ మీద పెట్టి చెక్కుతారు. అది తిరుగుతుండగానే రంగు లక్కను అదిమి పట్టుకుంటే ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. అక్కడి బొంగరం ఒకటి నా బల్ల మీద ఎప్పుడూ ఉంటుంది. పోయిన ఏడాది ఆరో తరగతి అమ్మాయి చేతిలోంచి జారి అంచున లక్క పెచ్చు లేచింది. ఇప్పటికీ అది అంతే చక్కగా తిరుగుతుంది. నా గదికి వచ్చిన పిల్లలు ముందు ఆ పెచ్చు లేచిన చోటే వేలు పెట్టి తడుముతారు.

బేబ్లేడ్‌లు స్కూలుకు తేవద్దని నిషేధం పెట్టమని కొందరు అడిగారు. ఆలోచించాను. నిషేధిస్తే సంచుల్లో దాచి తెస్తారు, మెట్ల కింద ఆడతారు, గొడవ మన కంట పడదు. అందుకని శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆట పెడుతున్నాం. మూడు, నాలుగు, ఐదు తరగతులకు మాత్రమే. ఒక స్టేడియం స్కూలు కొంటోంది, వరండాలో ఇక తిప్పనివ్వం. సొంతది లేని పిల్లలకు స్కూలువే నాలుగు ఇస్తాం. ఆడేటప్పుడు పళ్ళెం మీదికి తలలు వంచకూడదు. గెలిచినందుకు ఎవరి బొమ్మా ఎవరూ తీసుకోకూడదు. ఆటలో పడ్డ గీతకూ, సొట్టకూ ఎవరూ ఎవరికీ డబ్బులు ఇవ్వనక్కర్లేదు. ఇది నా నిర్ణయం, దీని మీద మాట్లాడాలంటే ఎప్పుడైనా నా దగ్గరికి రండి. కోపంతో విసిరికొట్టి పగలగొడితే అది వేరే సంగతి. అప్పుడు ఇద్దరి ఇళ్ళకూ నేనే ఫోన్ చేస్తాను.

ఆటకు ముందు ప్రతి బొమ్మనూ పిల్లలే దూదితో చూసి, ఏముందో ఒక పుస్తకంలో రాస్తారు. నిన్నటి శనివారం మొదటిసారి రాశారు. అందులో ఒక వరుస ఇలా ఉంది: "నా బ్లేడు. రంగు మూడు చోట్ల పోయింది. ఒక సొట్ట, పోయిన వారంది, పక్కింటి వాడితో ఆడినప్పుడు పడింది. దూది చిక్కుకోలేదు. బిట్ కొత్తది." ఆ పేజీలోనే కింద వరుసలో రెండోవాడి రాత ఉంది. కొత్త బిట్ వాడే ఇచ్చాడట.

వచ్చే శనివారం మీ పిల్లల సంచిలో బేబ్లేడ్‌తో పాటు కొంచెం దూది కూడా పెట్టి పంపండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు