బట్టమేకను మళ్లీ చూశాను

జైసల్మేర్,
జనవరి 22

చిరంజీవి పెద్దోడికి,

నాయనా, మేమిద్దరం కులాసా. ఇక్కడి చలికి మీ అమ్మకు మోకాళ్ల నొప్పులు కొంచెం ఎక్కువయ్యాయి, అంతే. నువ్వు బుక్ చేసిన టూరు బాగుంది. కోట సంగతి అమ్మ ఫోన్లో చెప్పే ఉంటుంది. నిన్న డెజర్ట్ నేషనల్ పార్కులో చూసినదాని గురించి నేనే చెబుదామనుకున్నాను గానీ, ఫోన్ తీస్తే గొంతు పూడుకుపోయింది. అందుకే కాగితం పట్టుకున్నా.

బట్టమేక పిట్టను చూశాను రా.

నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు, రోళ్లపాడు బీళ్ల మీదుగా బండి తోలుతూ మీ తాత ఉన్నట్టుండి ఎడ్లను నిలిపి, "కదలొద్దు, అదిగో" అని చూపించాడు. నేను మేకే అనుకున్నాను. రెక్కలు విప్పి లేచేదాకా పిట్టంటే నమ్మలేదు. 1988లో దాని కోసమే అక్కడ అభయారణ్యం పెట్టారు. తర్వాత చుట్టుపక్కల కాలువ నీళ్లు పారాయి, బీళ్లు చేన్లయ్యాయి. ఆ నీళ్లతోనే మనం నాలుగు మెతుకులు తిన్నాం, కాదనను. కానీ పిట్ట కనబడకుండా పోయింది. చిన్నప్పుడు నిన్ను రెండుసార్లు తీసుకెళ్లాను, గుర్తుందా? నువ్వు కృష్ణజింకలను చూసి ఎగిరి గంతేశావు. నేను మాత్రం సాయంత్రం దాకా గడ్డిలోకే చూస్తూ ఉండిపోయాను.

నిన్న చీకటితోనే జీపులో బయలుదేరాం. గైడు ఇక్కడి పల్లెటూరి కుర్రాడే. ఎడారంటే అంతా ఇసుకే అనుకున్నాను. 3,162 చదరపు కిలోమీటర్ల ఈ పార్కులో ఇసుక తిన్నెలు కొంత మేరే, మిగతాది గట్టినేల, రాళ్లు, సేవణ్ అనే గడ్డి. దారి పొడుగునా మన జిల్లేడు. మధ్యమధ్య ఒక చెట్టు కనబడితే గైడు 'ఖేజ్‌డీ' అన్నాడు. మీ అమ్మ ఆకు చూసి, "ఇది జమ్మి చెట్టండీ" అంది. నిజమే! మనం దసరాకు పూజించే జమ్మి కాయలను వీళ్లు ఎండబెట్టి, సాంగ్రీ అని కూర వండుకుంటారు. రాత్రి సజ్జరొట్టెతో తిన్నాం, బాగుంది.

సుదాసరి దగ్గర గైడు ఇంజను ఆపేసి, దిగొద్దని సైగ చేశాడు. అరగంట దాకా ఏమీ లేదు. తర్వాత గడ్డిలోంచి తెల్లటి మెడ నిలువుగా లేచింది. నెత్తిన నల్లటి టోపీ, ఒళ్లంతా గోధుమరంగు. అడుగు వేసి ఆగుతుంది, చుట్టూ చూస్తుంది, మళ్లీ అడుగు. వంగి ఒక పురుగును పట్టి మింగినప్పుడు గొంతు కదలడం కూడా బైనాక్యులర్స్‌లో కనబడింది. చేతులు వణికి, రెండోసారి సరిగా చూడలేకపోయాను. మీ తాత ఉంటే ఎంత సంతోషించేవాడో!

వీళ్లు దీన్ని గోడావణ్ అంటారు. దేశం మొత్తమ్మీద నూట యాభై కూడా మిగల్లేదట. ఏడాదికి మామూలుగా ఒకటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. కుక్కో నక్కో తినేస్తే ఆ ఏడాదికి అంతే. సమ్‌లోనూ రామ్‌దేవ్‌రాలోనూ పెంపక కేంద్రాలు పెట్టి, గుడ్లు తెచ్చి పొదిగిస్తున్నారు. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణతో మొదటి పిల్ల పుట్టిందని చెప్పేటప్పుడు గైడు ముఖం చూడాలి, తన ఇంట్లోనే పుట్టినంత సంబరం.

తిరుగు దారిలో ఆ ముఖమే వాడిపోయింది. గాలిమరలు, సోలారు ప్లాంట్లు, వాటి నుంచి కరెంటు లైన్లు. ఈ పిట్టకు కళ్లు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. కనబడేసరికి, అంత బరువైన ఒళ్లు చటుక్కున పక్కకు తిప్పుకోలేదు. లైన్లు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిచోట్లా కుదరదని ప్రభుత్వం చెబితే, 2024లో కోర్టే నిపుణుల కమిటీ వేసింది.

నువ్వు చేసేదీ లైన్ల పనే కదా నాయనా. నిన్ను తప్పుపట్టడం లేదు, కరెంటు అందరికీ కావాలి. నీ పని వల్ల నలుగురి ఇళ్లలో దీపం వెలుగుతోందంటే నాకు గర్వమే. ఒక్కటే అడుగుతున్నాను. తీగలకు వేలాడదీసే బిళ్లలుంటాయట, ఎండకు మెరుస్తూ గాలికి తిరిగేవి. వాటిని చూసి పిట్టలు పక్కకు తప్పుకుంటాయట. మీ సైటులో అవి పెట్టారా? ఊడిపోతే మళ్లీ ఎవరు బిగిస్తున్నారు? కనుక్కుని నాకు రాయి. ఫోన్లో వద్దు, తీరిగ్గా కూర్చుని రాయి.

రేపు ఆకల్ వెళ్తున్నాం, 18 కోట్ల ఏళ్ల నాటి చెట్లు రాళ్లయిపోయాయట, చూడాలి. ఉగాదికి నువ్వొస్తే రోళ్లపాడు వెళ్దాం, జింకలైనా ఉన్నాయి. అమ్మ బైనాక్యులర్స్ కొనిపించింది, తెస్తున్నాను.

మీ నాయన