నల్లబడిన మూడు క్రాంక్‌కేసుల గురించి

మోడల్ విమానాల ఇంజిన్లను శుభ్రం చేయడానికి ఇన్నేళ్లుగా నాకు అప్పగిస్తున్న మీకు, గత నెలలో నా బల్ల మీద జరిగిన నష్టాన్ని ఇంకొకరి నోట వినకముందే నేనే చెప్పడం మర్యాద. శుభ్రపరిచే ద్రవంలో నానబెట్టిన మూడు ఇంజిన్ల అల్యూమినియం క్రాంక్‌కేసులు, అంటే లోపల తిరిగే భాగాలను పట్టి ఉంచే బయటి పెట్టెలు, పెనం అడుగులా నల్లబడి బయటికి వచ్చాయి. వాటి యజమానులతో మాట్లాడాను, రుసుము తీసుకోలేదు.

ఎర్రగా వేడెక్కే తీగ ఉన్న ప్లగ్‌తో మిథనాల్ ఇంధనాన్ని మండించే ఈ చిన్న గ్లో ఇంజిన్ల ఇంధనంలో కలిపే ఆముదం వేడికి మాడి, గోధుమరంగు వార్నిష్‌లా లోహాన్ని పట్టుకుంటుంది. దాన్ని వదిలించే ద్రవాన్ని మొదటి నుంచీ ఒకే సరఫరాదారు వద్ద తెప్పించుకుంటున్నాను. ఈసారి వచ్చిన డబ్బా అదే, చీటీ అదే, రంగు కూడా అదే. అనుమానంతో పనికిరాని పిస్టన్ మీద రెండు చుక్కలు వేస్తే, కాసేపటికి సన్నని బుడగలు లేచాయి. కాస్టిక్ సోడా వంటి క్షారం అల్యూమినియాన్ని తినేటప్పుడు పుట్టే హైడ్రోజన్ బుడగలవి. ఫోన్ చేసి అడిగితే, ఇంకా బలంగా పనిచేయాలని మిశ్రమం మార్చామని తాపీగా చెప్పారు. ఇనుముకు అది పనికిరావచ్చు. నా పనికి కాదు. కొత్త డబ్బాను ముందుగా పరీక్షించకపోవడం నా తప్పే. కానీ పాత నమ్మకంతో సరుకు తీసుకోవడాన్ని కూడా తప్పంటే ఒప్పుకోను.

అసలు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరు. గాజుపూసల బ్లాస్టింగ్ చేస్తే, అంటే సన్నని గాజుపూసలను గాలి ఒత్తిడితో చిమ్మితే, ఆ నలుపు పోయి, కేసు కొత్తదానిలా మెరుస్తుంది, ఎవరికీ చెప్పనక్కరలేదు. రెండు రాత్రులు ఆలోచించాను, ఒక కేసును యంత్రం దాకా తీసుకెళ్లాను కూడా. చివరిసారిగా బేరింగ్ పెట్టి చూద్దామనుకున్నాను. కేసును వేడి చేస్తే తప్ప కూర్చోవలసిన బేరింగ్, చల్లని కేసులోకి వేలితో నెడితే జారిపోయింది, అంటే క్షారం లోపలి లోహాన్నీ తినేసి ఆ పట్టును వదులు చేసింది. పైకి మెరిపించి ఇచ్చివుంటే ఆ ఇంజిన్ గాలిలో ఏమయ్యేదో మీకు తెలియనిది కాదు. ఆ కేసును నా ఖర్చుతో మారుస్తున్నాను.

ఇకపై ఒక్కరోజులో పని పూర్తిచేసే సేవ ఉండదు. ఎంత అడిగినా ఉండదు. ఇథిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్‌లో, 90 డిగ్రీల సెల్సియస్ దాటకుండా, మాడిన ఆముదం మెత్తబడేదాకా భాగాలను గంటల తరబడి ఉంచుతాను. సుమారు 111 డిగ్రీల వద్ద దాని ఆవిరి నిప్పంటుకోగలదు కనుక వేడి విషయంలో తొందర పనికిరాదు. అది తియ్యగా ఉండే విషం కాబట్టి, ఇంట్లో ఈ పని చేసేవారు వంటపాత్రలు వాడరాదు, పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందనివ్వరాదు, గాలి ఆడే చోటే చేయాలి. రబ్బరు ఓ-రింగులు, బేరింగులు, కార్బ్యురేటర్ ప్లాస్టిక్ భాగాలు ముందే విప్పుతాను. కడిగి ఆరబెట్టిన వెంటనే నూనె పట్టిస్తాను. ఇంజిన్ పంపేముందు ఇంధనం మొత్తం ఖాళీ చేయండి, మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి దాదాపు కనిపించదు.

ఆ సరఫరాదారు డబ్బాను వెనక్కి ఇవ్వమంటున్నారు. మిశ్రమం మార్చిన సంగతి కాగితం మీద రాసి ఇచ్చేదాకా, మూత బిగించి, ఎర్ర అక్షరాల చీటీ అంటించి నా దగ్గరే ఉంచుకుంటాను.